నాలుగు నిమిషాల నలభై సెకన్లు

రొయ్యకి ఇక్కడ పేరుండదు.
కె-పదిహేడు అని నల్ల మార్కరుతో రాసిన సీసా,
చిటికెన వేలంత.
మైపాడు రోడ్డులో ఏ గుంటదో, ఎవరిదో
నాకు చెప్పరు. చెప్పకూడదు.

పొద్దున రెండు గ్రాములు తూచాను.
తల తీసి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బిన కండ.
ఇంట్లో అయితే ఇంత అల్లం, ఇంత చింతచిగురు పడేది.
ఇక్కడ ఇథైల్ అసిటేట్ పోసి, గిలక్కొట్టి, తేర్చి,
నత్రజని ఊది ఆరబెట్టి,
అడుగున మిగిలిన కనపడనిదాన్ని
మళ్లీ ఒక్క మిల్లీలీటరులో కరిగించాను.
నీసు వాసన మాత్రం నా చున్నీ పట్టుకుని
వేదాయపాళెం దాకా వస్తుంది.

కాలమ్ అంటే ఏందక్కా, అంది
కొత్తగా చేరిన షాహీన్.
జానెడు స్టీలు గొట్టం.
లోపల చిన్నబజారు అనుకో.
సాయంత్రం ఆరింటికి ఈ చివర
అందర్నీ ఒక్కసారిగా వదిలారు.
ఎవరితో పొత్తు లేనివాడు
చేతులూపుకుంటా ముందే బయటపడతాడు.
అంగడంగడికీ బాకీ ఉన్నవాడు
ఆగి, నమస్కారం పెట్టి, సాకు చెప్పి,
చీకటి పడ్డాక వస్తాడు.
మనం అవతలి చివర గడియారం పట్టుకుని కూచుంటాం.
క్రొమటోగ్రఫీ అంటే అదే.

"మనం వెతికేవాడు?"
నాలుగు నిమిషాల నలభై సెకన్లకి.

పొద్దున్నే స్టాండర్డులు అయిదు పంపాను,
పలచనది మొదలు చిక్కనిదాకా.
అయిదు చుక్కల మీదుగా గీత,
తోడెద్దులు తడబడకుండా తోలిన చాలు.
ఖాళీ ద్రావకం పంపితే
మే నెల పెన్నలాగా ఇసక, ఇసక, ఇసక.

తర్వాత కె-పదిహేడు.
నాలుగున్నర దాకా ఇసకే.
అప్పుడు కదిలింది,
అలలు వెనక్కి పోయాక పీత ఒకటి
బొరియలోంచి ఎత్తి పోసినంత చిన్న దిబ్బ.

సూది కడిగాను.
ఖాళీది పంపాను: చదును.
మళ్లీ కె-పదిహేడు.
మళ్లీ పీత.

దిబ్బ కింద వైశాల్యాన్ని
పొద్దుటి చాలు మీద పెట్టి చూస్తే
సున్నా పాయింట్ నాలుగు రెండు.
నూరు కోట్లలో ఒకటి కూడా కాదు,
అందులో సగం లోపే.

మా నాయన గుంట కౌలుకి చేసిన ఏడు
కొలత పిడికిలే.
"ఇంకో పిడికెడెయ్యి" అనేవాడు.
బకెట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి
మేతలో మందు కలిపింది నేనే.
సంచీ మీద పేరు తమిళంలో ఉండేది.
ఆ ఏడు రొయ్యల్ని ఎవరూ ఏ గొట్టంలోకీ పంపలేదు.

మధ్యాహ్నం మెట్ల మీద మస్తానయ్య.
తన సీసా ఇక్కడుందని ఎవరు చెప్పారో.
"అమ్మ మీద ఒట్టు పాపా,
ఈ పంటకి ఒక్క చుక్క మందెయ్యలా.
సున్నం, బెల్లం నీళ్లు, అంతే.
నాలుగు టన్నులు ఐసులో ఉండాయి."
చెప్తానే జేబులోంచి చిన్న ట్యూబు తీసి
ఎర్రబడ్డ ఎడమ కన్ను రెప్ప కిందకి లాగి
ఉంగరపు వేలితో రాసుకున్నాడు.
వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

ఎన్నాళ్లనించి?
"నెల పైనే. రేత్రుళ్లు ఏరేటర్ల కాడ నిద్దర లేక."
మేత చల్లేది?
"నేనే. ఇంకెవుర్ని నమ్మేది?"
శాంపిలు కవర్లో వేసింది?
చెయ్యి ఎత్తి చూపించాడు, అదే చెయ్యి.

ట్యూబు మీద చీమల అక్షరాలు.
పొద్దున నా స్టాండర్డు సీసా మీద
చదివిన పేరే.

రిపోర్టులో అంకెకి ఒక గడి ఉంది,
చుక్క తర్వాత రెండు స్థానాలు.
కన్నుకి గడి లేదు.
ఫారం కింద, మార్జిన్లో, పెన్సిలుతో
మళ్లీ శాంపిలు తీయించండి అని రాశాను.
పెన్సిలు రాతలు స్కానర్లో రావని తెలిసే రాశాను.
తర్వాత పెన్ను తీసి దిద్దాను.

ఆయన తలుపు తోసుకుని వెళ్లిపోయాడు.
ఆ పిడిని నేను స్పిరిటుతో రెండుసార్లు తుడిచాను.
ఎందుకని షాహీన్ అడగలేదు.
లోపల పంపు టక్కుటక్కుమంటా
కె-పద్దెనిమిదిని బజార్లోకి వదిలింది.